పొద్దు పొడుపును ఫ్రెంచిలో ఏమంటారు?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సారు ఫోన్ చేసినప్పుడు "నాకేం రాయొస్తది సార్" అన్నాను. "నువ్వు ఫ్రెంచి నేర్చుకున్నోనివి గదా. మన హాస్టల్ నుంచి అటు దిక్కు పోయినోడు నాకు తెలిసి ఇంకొకడు లేడు. ఆ ముచ్చటే రాయి, పిల్లలు చదువుకుంటరు" అన్నారు. పెద్దల మాట కాదనలేక ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. తప్పులుంటే తమ్ముళ్లు మన్నించాలి.

మాది కల్వకుర్తి దిక్కు ఊరు. అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు నాగర్‌కర్నూలు జిల్లాలోకి పోయింది. హాస్టలేమో దేవరకొండలో, నల్లగొండ జిల్లా. నన్ను ఆరో తరగతిలో చేర్పించడానికి తీసుకొచ్చిన రోజు అమ్మ నన్ను చీకట్లోనే లేపింది. "లే బిడ్డా, మబ్బుల పోతెనే మొదటి బస్సు దొరుకుతది" అన్నది. నెత్తిమీద ట్రంకు పెట్టె పెట్టుకొని ముందు ఆమె, పళ్లెం గ్లాసు పట్టుకొని వెనుక నేను, బస్సు ఆగే చోటుదాకా నడిచినం. దారిలో ఎవరి ముఖం ఎవరికీ కనపడలేదు. తూర్పున ఒక్క చుక్క మాత్రం బాగా మెరుస్తున్నది. "అది ఏగుసుక్క. దాన్ని చూసే మీ తాత మోట కొట్ట లేస్తుండె" అని చెప్పింది. పెట్టె బరువు మరిచిపోవడానికి చెప్పిందో, నా ఏడుపు ఆపడానికి చెప్పిందో తెలియదు.

హాస్టల్లో పొద్దుగాల ఐదు గంటలకు గంట కొట్టేవారు. వేపచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క అది. చలికాలం తొట్టి దగ్గర నీళ్లు ముట్టుకుంటే చేతులు కొంకర్లు పోయేవి. దుప్పటి మళ్లీ ముసుగేసుకున్నవాని మీద వాచ్‌మన్ తాత చెంబెడు నీళ్లు చల్లేవాడు. ఆ తర్వాత స్టడీ అవర్. ఇదంతా ఇప్పటి తమ్ముళ్లకు కొత్తగా చెప్పాల్సింది కాదు. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. ఊర్లో అమ్మ లేపే వేళతో పోలిస్తే ఐదు గంటలంటే నాకు ఆలస్యమే. ఆమె గుంపు మేస్త్రి లారీ అందుకోవడానికో, దొర చేన్ల కలుపుకు పోవడానికో అంతకుముందే లేచేది. పాలమూరు లేబర్ అని దేశమంతా పేరుపడ్డ వాళ్లలో మా అమ్మా నాయినా ఉన్నారు. ఎన్ని కాలువలు తవ్వినరో, ఎన్ని కట్టలకు మట్టి మోసినరో వాళ్లకే లెక్క లేదు.

ఏడో తరగతిలో "నా దినచర్య" అని వ్యాసం రాయమన్నారు. "నేను మబ్బుల లేస్తాను" అని మొదలుపెట్టాను. సారు ఎర్రసిరాతో కొట్టేసి, క్లాసులో నిలబెట్టి "మబ్బుల్లో లేస్తావారా? విమానంలో పండుకుంటున్నవా?" అన్నారు. అందరూ నవ్వారు. మబ్బు అంటే మేఘమని పుస్తకంలో ఉంది. మా ఇంట్లో మబ్బు అంటే తెల్లారకముందటి చీకటి కూడా. ఆ సంగతి చెప్పే ధైర్యం నాకు లేదు. సారు "వేకువజామున నిద్ర లేస్తాను" అని దిద్దారు. ఆయన చెడ్డవారు కాదు, పరీక్షలో మార్కులు పోవద్దనే దిద్దారు. నేను ఆ మాటను నూరుసార్లు రాసి నేర్చుకున్నాను. ఆ రోజు నుంచి మబ్బుల అనే మాట నా నోటినుంచి పోయింది.

అంతటితో ఆగితే బాగుండేది. డిగ్రీకి హైదరాబాదు వచ్చినంక ఒకరోజు అమ్మ నన్ను చూడడానికి వచ్చింది. జొన్నరొట్టెలు, పల్లికాయ మూటగట్టుకొని వచ్చింది. నా రూంలో ఉండే దోస్తులు మర్యాదకే "ఎప్పుడు బయల్దేరారమ్మా?" అని అడిగారు. "మబ్బుల్నే ఎల్లిన బిడ్డా, ఏగుసుక్క పొడవంగ" అన్నది. ఒకడు మూతి మూసుకొని నవ్వాడు. నాకు చెవులు కాలినట్టయింది. కోపం వానిమీద రావాలి. కానీ నేను అమ్మ దిక్కు తిరిగి "అట్లనొద్దమ్మా, వేకువజామున అనాలె" అన్నాను.

ఆమె ఏమీ అనలేదు. కొంగుతో మూతి తుడుచుకున్నది. ఒక రాత్రి ఉండి పోదామని వచ్చిందని తర్వాత చెల్లె చెప్పింది. సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది. ఆ తర్వాత నాతో మాట్లాడేటప్పుడు ఆగి ఆగి, మాటలు ఏరుకొని మాట్లాడేది. "ఉదయం లేసిన నాయినా, ఉదయమే పనికి పోయిన" అనేది. ఉదయం అనే మాట ఆమె రేడియోలో విని నేర్చుకున్నది. నేను కొడుకుని కాదు, ఆఫీసరును అన్నట్టు మాట్లాడేది.

ఇక ఫ్రెంచి ముచ్చటకు వస్తాను. డిగ్రీ అయినంక ఒక సీనియర్ అన్న "విదేశీ భాష వస్తే ఉద్యోగం ఎక్కడికీ పోదు" అని చెప్తే, ఉస్మానియా యూనివర్సిటీ పక్కనే ఉన్న సీఫెల్‌లో ఫ్రెంచి చేరాను. 1958లో ఇంగ్లీషు బోధన కోసం పెట్టిన సంస్థ అది. తర్వాత విదేశీ భాషలు కూడా కలిశాయి. 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయ్యింది, ఇప్పుడు ఇఫ్లూ అంటున్నారు. నాకేమో ఇంగ్లీషే సరిగ్గా రాదు. ఇంగ్లీషులో ఫ్రెంచి చెప్తుంటే గోడ మీద గోడ కట్టినట్టుండేది.

ఫ్రెంచివాళ్లు మనకు మరీ దూరపువాళ్లేమీ కాదని అక్కడే తెలిసింది. నల్లగొండ బస్సు దిల్‌సుఖ్‌నగర్ దాటి మలక్‌పేట దిక్కు పోతుంటే మూసారాంబాగ్ అని వస్తుంది కదా. నిజాం కొలువులో సేనాపతిగా చేసి 1798లో చనిపోయిన రేమండ్ అనే ఫ్రెంచి దొర పేరే జనం నోట్లో మూసారాం అయ్యింది. ఆయన సమాధి సరూర్‌నగర్ దగ్గర గుట్టమీద ఇప్పటికీ ఉంది. మన కోస్తాలోని యానాం 1954 దాకా ఫ్రెంచి ఏలుబడిలోనే ఉండింది.

ఒకరోజు మేడం తెల్లవారడం గురించిన ఇంగ్లీషు మాటలు బోర్డు మీద రాసి ఫ్రెంచిలోకి మార్చుకొని రమ్మన్నారు. డాన్, డేబ్రేక్, సన్‌రైజ్, క్రాక్ ఆఫ్ డాన్, ఇట్ డాన్డ్ ఆన్ మీ, ఇట్లాంటివి. చూడడానికి సులువే. నిఘంటువు తెరిస్తే డాన్‌కు ఓబ్ అని ఉంది. మిగతావి దాని చుట్టూ అల్లుకుపోయాను. "ఇట్ డాన్డ్ ఆన్ మీ" అంటే నాకు ఉన్నట్టుండి అర్థమయింది అని కదా. నేను మాటకు మాట పెట్టి "నా మీద తెల్లారింది" అనే అర్థం వచ్చేటట్టు రాశాను. మేడం చదివి గట్టిగా నవ్వారు. క్లాసంతా నవ్వింది, ఈసారి నేను కూడా నవ్వాను. "ఫ్రెంచిలో ఓబ్ ఎవరి మీదా పడదు. వాళ్లు 'అది నా కండ్లలోకి దుమికింది' అంటారు, లేకపోతే 'హఠాత్తుగా అర్థమైంది' అని సాఫుగా చెప్తారు" అన్నారు. మనం కూడా "అప్పుడు తెలిసొచ్చింది" అంటాం, "కండ్లు తెరుచుకున్నయి" అంటాం. తెల్లారింది అనము. తెలుగులో ఆలోచించి ఉంటే ఆ తప్పు చేసేవాణ్ని కాదు.

అసలు ముచ్చట డేబ్రేక్ దగ్గర జరిగింది. ఇంగ్లీషులో పగలు పగులుతుంది. ఫ్రెంచిలో దానికి ప్వాఁ ద్యు జూర్ అని ఉంది. జూర్ అంటే పగలు. ప్వాఁ అంటే చుక్క, బిందువు అని అప్పటికి నేర్చుకున్నాను. పగటి చుక్క ఏమిటో అర్థం కాక మేడంను అడిగితే లైబ్రరీకి తీసుకుపోయి పెద్ద నిఘంటువు తీశారు. ఇక్కడి ప్వాఁ వెనుక ప్వాంద్ర్ అనే పాత క్రియ ఉన్నది. లాటిన్‌లో గుచ్చడం, పొడవడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. ఇప్పుడు దాన్ని ఎక్కువగా పగలు రావడానికీ, మొక్క మొలక తొంగిచూడడానికీ వాడతారు. మేడం ఇంగ్లీషులో "ద డే ప్రిక్స్" అని చెప్పి వేలితో గాలిలో పొడిచి చూపించారు.

నేను ఆ వేలు దిక్కే చూస్తూ కూర్చున్నాను. పొద్దు పొడిచింది. పుట్టినప్పటినుంచీ వింటున్న మాట. అందులో పొడవడం ఉన్నదని ఒక్కనాడూ వినపడలేదు. పక్క బీరువాలోనే బ్రౌన్ దొర 1852లో అచ్చువేసిన తెలుగు నిఘంటువు ఉంటే తీసి చూశాను. పొడుచు అనే మాట కింద కత్తితో పొడవడమూ ఉంది, సూర్యుడు లేవడమూ ఉంది. ఇంగ్లీషు నుంచి ఫ్రెంచిలోకి పోవడానికి నేను నిచ్చెనలు వేస్తుంటే, మా వాడలో నుంచి అక్కడికి అడ్డదారి ఉన్నది.

అంతటితో ఆగలేదు. ఓబ్ అనే మాట లాటిన్ ఆల్బా నుంచి వచ్చింది. ఆల్బా అంటే తెల్లది. అంటే తెల్లవారడమే. రాత్రంతా నిద్రపోకుండా గడిపితే ఫ్రెంచివాళ్లు న్వీ బ్లాంష్ అంటారు, తెల్ల రాత్రి అని. మనం తెల్లార్లూ మేలుకున్నం అంటాం. తెల్లవారుజామున మెరిసే శుక్రుణ్ని వాళ్లు గొల్లవాని చుక్క అంటారు. గొర్ల మంద కాసేవాడు రాత్రిళ్లు మంద దగ్గరే పండుకుంటాడు, చుక్కను చూసి లేస్తాడు. మా తాత మోట దగ్గరికి ఏ చుక్కను చూసి లేచాడో అదే చుక్క.

తమ్ముళ్లు తప్పుగా అర్థం చేసుకోవద్దు. తెలుగుకూ ఫ్రెంచికీ చుట్టరికం ఉందని నేను చెప్పడం లేదు. తెలుగు ద్రావిడ భాష, ఫ్రెంచి లాటిన్ నుంచి పుట్టింది. చుట్టరికం చెప్పుకోవాలంటే పుస్తకాల్లో రాసే ఉషస్సుకే ఉంది. సంస్కృతం ఉషస్సూ, ఫ్రెంచి ఓరోర్ అనే మాటా ఒకే పాత మూలం నుంచి వచ్చాయని భాషా శాస్త్రజ్ఞులు చెప్తారు. ఓబ్ అంటే తూర్పు తెల్లబడడం, ఓరోర్ అంటే ఆ తర్వాత వచ్చే ఎరుపు. ఉషోదయం అన్నా తప్పు లేదు. దాని చోటు దానిది. కానీ చీకట్లో లేచి ఆకాశం దిక్కు చూసి బతికిన మనుషులు ఎక్కడున్నా ఒకే తీరుగా చూసినట్టున్నారు. ఆ చూపు మా అమ్మ మాటల్లో ఉన్నది. నేను నూరుసార్లు రాసి నేర్చుకున్న మాటలో నాకు ఏదీ కనపడలేదు.

అట్లనుకుంటూ బ్రౌన్ దొర నిఘంటువులో వేకువ కూడా చూశాను. అది వేగు నుంచి వచ్చింది. వేగు అంటే తెల్లవారు. వేగు చుక్కలో ఉన్నదీ అదే వేగు. ఆ రోజు రూంలో అమ్మ "ఏగుసుక్క పొడవంగ" అన్నప్పుడు వేకువ అనే మాట ఆమె అప్పటికే అన్నది. "వేకువజామున అనాలె" అని నేను ఆమెకు నేర్పింది ఆమె మాటనే.

ఆ రాత్రి ఎస్‌టీడీ బూత్‌కు పోయాను. మా ఊర్లో ఫోన్ కిరాణం దుకాణంలో ఉండేది. పది నిమిషాలు ఆగి మళ్లీ చేస్తే అమ్మ వచ్చింది. రాత్రి పూట ఫోన్ అంటే ఏమయిందో అని ఆమెకు రొప్పు.

"ఏమైంది నాయినా, పైసలు గిట్ల కావాల్నా?"

"ఏం లేదమ్మా. తెల్లారకముందు నుంచి పొద్దెక్కేదాక మనం ఏమేమి అంటమో చెప్పు."

కాసేపు ఏమీ పలకలేదు. మీటర్ మీద ఎర్ర అంకెలు మారుతున్నయి.

"ఎవలన్న నవ్వుతున్రా అక్కడ?" అని అడిగింది.

"ఎవ్వరు లేరమ్మా. నేనొక్కన్నే ఉన్న. నా చదువుకే కావాలె."

"నీకు తెల్వనియా?"

"మర్చిపోయిన."

అప్పుడు చెప్పింది. మొదలు మెల్లగ, తర్వాత జోరుగ. తొలికోడి కూస్తది. అప్పటికింకా నిద్రల ఉంటరు. ఏగుసుక్క పొడుస్తది. అప్పుడు లేసేది మబ్బుల లేసుడు. పొయ్యి అంటువెట్టి సద్ది కట్టుకునేది అప్పుడే. దాని తర్వాత తెల్లారగట్ల. మనిషి కనవడతడు గని ఎవలో ఆనవాలు దొరకదు, అది మసక. తూర్పు తెల్లగయితే తెల్లారింది. ఎండ కొస తగిలితే పొద్దు పొడిచింది. బారెడు పొద్దెక్కినంక లేసేటోడు దొర.

చివరి మాటకు ఆమె నవ్వింది. నాతో మాట్లాడుతూ ఆమె అట్లా నవ్వి చాలా రోజులైంది. నేను రాసుకుంటున్నానని చెప్పలేదు. బూత్‌లో ఉన్న పాత బిల్లుల వెనుక రాసుకున్నాను. ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి.

మర్నాడు ఆ వరుస మేడంకు చూపించాను. బోర్డు మీద తెలుగులోనే రాయమన్నారు. ఒక్కొక్కదానికీ ఫ్రెంచి మాట వెతుకుతూ పోయాం. తొలికోడికి కోడికూత వేళ అని వాళ్లకూ ఉంది. మసకకు "కుక్కకూ తోడేలుకూ నడుమ" అనే నుడికారం ఉంది. వచ్చేది కుక్కనో తోడేలో ఆనవాలు పట్టలేని వేళ అన్నమాట. కాకపోతే దాన్ని ఎక్కువగా మాపటి మసకకు వాడతారు. పెందలకడ లేవడానికి ఇంకొక నుడికారం ఉంది, దె పొత్రోఁ మినె అని. పిల్లి వెనుకభాగం కనపడే వేళ నుంచి అని దానికి అర్థం చెప్తారు. పిల్లి కన్నా ముందు ఆ చోట ఉడుత ఉండేదట. క్లాసులో అందరికన్నా ఎక్కువ గుర్తుండిపోయింది ఈ మాటే.

మబ్బుల దగ్గర మాత్రం ఆగిపోయాం. ఓబ్ అంటే అప్పటికే తెలుపు వచ్చింది. రాత్రి అందామంటే పని మొదలైంది. చివరకు నేను ఒక వాక్యమే రాశాను. "ఇంకా రాత్రే, కానీ పనికి పోయేవాళ్లకు పగలు మొదలైన వేళ" అని. మేడం దాన్ని కొట్టేయలేదు. "ఇది మాట కాదు, వాక్యం. కానీ ఇంతకన్నా పొట్టిగా రాదు" అని పక్కన టిక్కు పెట్టారు. ఎర్రసిరాతోనే పెట్టారు.

ఇప్పుడు నేను హైదరాబాదులో అనువాదం పనే చేసుకొని బతుకుతున్నాను. ఎక్కువగా యంత్రాల కాగితాలు, ఒప్పందాల కాగితాలు. అప్పుడప్పుడు కథలు కూడా వస్తాయి. ఒక తెలుగు కథలో "వాని బతుకు తెల్లారింది" అని వచ్చింది. తెలియనివాడు ఓబ్ అని పెడితే ఆ మనిషికి మంచిరోజులొచ్చినట్టు అవుతుంది. మన దగ్గర ఆ మాటకు వాని పని అయిపోయింది అని అర్థం. ఇంగ్లీషులో, ఫ్రెంచిలో తెల్లవారడం అంటే కొత్త ఆశ అని రాస్తుంటారు. మన దగ్గర అదీ ఉంది, ఇదీ ఉంది. తెల్లారితే అప్పులవాడు వస్తాడు, తెల్లారితే మేస్త్రి లారీ వస్తుంది. ఆ మాట చేదు ఎట్లా ఎక్కిందో చీకట్లో లేచినవాళ్లకు చెప్పాల్సిన పని లేదు.

నేను చదువుకునే రోజుల్లో మన మాటల నిఘంటువు ఒకటి ఉంటే ఆ సారుకు చూపించేవాణ్నేమో. తర్వాత నలిమెల భాస్కర్ గారి తెలంగాణ పదకోశం వచ్చింది. 2014 నుంచి కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా చేస్తున్నారు. మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. పెద్దలు చేయాల్సింది చేశారు. మనం చేయాల్సింది చిన్నది.

తమ్ముళ్లారా, సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకపోండి. అమ్మ, నాయిన, అవ్వ, తాత మాట్లాడే మాటల్లో మీ పుస్తకంలో లేనివి రాసుకోండి. పరీక్షలో వేకువజాము అనే రాయండి, మార్కులు పోగొట్టుకోవద్దు. ఇంగ్లీషు బాగా నేర్చుకోండి, వీలైతే ఇంకొక భాష కూడా నేర్చుకోండి. ఒక్కటే కోరుతున్నాను. దోస్తుల ముందర అమ్మ మాటను దిద్దకండి. నేను కూడా ఈ వ్యాసం సగానికి ఎక్కువ పుస్తకాల భాషలోనే రాశాను. అలవాటు అంత తొందరగా పోదు.

నేను చేసింది దిద్దుకున్నానని చెప్పుకోలేను. అమ్మ ఇప్పుడు ఊర్లోనే ఉంటున్నది, మోకాళ్ల నొప్పులున్నాయి, పనికి పోవడం లేదు. పోయిన దసరాకు ఇంటికి పోతే, తెల్లారకముందే బయట గడప కడుగుతూ పక్కింటామెతో మాట్లాడుతున్నది. "మబ్బుల్నే మెలకువొచ్చిందే, మల్ల నిద్ర వట్టలే" అంటున్నది. లోపల దుప్పట్లో పండుకొని విన్నాను. లేచి బయటికి పోయి "అప్పుడే లేసినవా అమ్మా?" అని అడిగాను.

"ఆ నాయినా, ఉదయమే లేసిన" అన్నది.